రెండు నిమిషాల విమానం, ఆరు రోజుల ప్రయాణం

మొదటి రోజు: ఎడిన్‌బరా నుంచి కిర్క్‌వాల్

ఎడిన్‌బరాలో మా విమానం రన్‌వే మీద పరుగు అందుకోగానే బావగారు చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి టైము రాసుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్లు రైల్వేలో గార్డుగా చేసిన మనిషి. రిటైరై ఆరేళ్లయినా చేతికి ఆ అలవాటు పోలేదు. రైలు గానీ, పడవ గానీ, ఆఖరికి హోటల్లో లిఫ్టు గానీ, కదిలిన టైమూ ఆగిన టైమూ పుస్తకంలో పడాల్సిందే.

"ఈ రన్‌వే పొడవెంత ఉంటుందయ్యా?" అని అడిగారు.

రెండున్నర కిలోమీటర్ల పైమాటే, 2,556 మీటర్లు అన్నాను.

"మరి మనం ఎక్కబోయే ఆ రెండు దీవుల విమానం పోయే దూరమెంత?"

"2.7 కిలోమీటర్లు."

కిటికీలోంచి వెనక్కి పోతున్న గడ్డిని కాసేపు చూశారు. "అంటే ఈపాటికి దిగే పనిలో ఉండేవాళ్లమన్న మాట" అన్నారు. అప్పటికి మా చక్రాలు ఇంకా నేల వదల్లేదు.

స్కాట్లాండ్ ఉత్తరపు కొసన, సముద్రం దాటితే ఓర్క్‌నీ దీవులు. మొత్తం డెబ్బై దాకా ఉంటాయి, మనుషులుండేవి ఇరవై. వాటిలో వెస్ట్‌రే, పాపా వెస్ట్‌రే పక్కపక్కనే ఉన్న రెండు చిన్న దీవులు. రోజూ టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం మొత్తం మీద అతి చిన్న ప్రయాణం ఈ రెంటి మధ్యదే. 1967 నుంచీ లోగన్ ఎయిర్ నడుపుతోంది. టైమ్‌టేబుల్లో వేసింది రెండు నిమిషాలు. రికార్డు 53 సెకన్లు. ఆ రికార్డు స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్‌ది. ఈ ఒక్క దారిలోనే ఆయన 12,000 సార్లకు పైగా ఎగిరి 2013లో రిటైరయ్యాడు.

ఇదంతా చెబితే అక్క ఇంట్లోనే తేల్చేసింది: "రెండు నిమిషాల విమానం ఎక్కడానికి ఆరు రోజులు పోతారా? మీ ఇద్దరికీ పనీపాటా లేకపోతే సరి." బావగారు మాత్రం వేరే ప్రశ్న పట్టుకున్నారు. బయల్దేరిన దగ్గర్నుంచీ దాన్ని వదల్లేదు.

"యాభై మూడు సెకన్లంటున్నావు. ఎక్కణ్ణించి ఎక్కడికి?"

"వెస్ట్‌రే నుంచి..."

"ఊళ్లు కాదయ్యా. వాచీ ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు ఆపారు అని అడుగుతున్నా."

ఓర్క్‌నీలో పెద్ద ఊరైన కిర్క్‌వాల్‌లో దిగేసరికి సాయంత్రం ఏడు. జూన్ నెల, సూర్యుడు మధ్యాహ్నం మూడింటికి ఉన్నంత ఎత్తులో ఉన్నాడు. పదిన్నరకు గానీ పొద్దు గుంకదు, మళ్లీ నాలుగింటికే తెల్లారిపోతుంది. బావగారికి ఇది నచ్చలేదు. టైము చూసుకోవడానికి ఆకాశం బొత్తిగా పనికిరాదు ఇక్కడ.

రెండో రోజు: పొగమంచు

పొద్దున్నే పది గంటలకు వెస్ట్‌రే విమానం. తొమ్మిదింటికి కిటికీ తెర తీస్తే ఎదురింటి గోడ లేదు. రాత్రి తూర్పు గాలి తిరిగింది. చల్లటి సముద్రం మీదుగా తేమగాలి వచ్చి దట్టమైన పొగమంచుగా ఒడ్డు మీదికి కమ్ముకుంది. ఇక్కడి వాళ్లు దీన్ని 'హార్' అంటారు. ఎండాకాలంలోనే ఎక్కువట. ఇది పట్టుకుంటే ఒక గంటలో పోవచ్చు, ఒక రోజు ఉండిపోవచ్చు. చిన్న విమానాలకు నేల కంటికి కనబడాలి. పదకొండింటికి ఇవాళ్టికి లేదన్నారు.

ఎవరినీ అనడానికి లేదు. అయినా బావగారు పుస్తకంలో 'రద్దు, మంచు' అని రాసుకుని, గీత కొట్టి, ఇప్పుడేం చేద్దామన్నట్టు నా వైపు చూశారు.

ఊరి మధ్యలో సెయింట్ మాగ్నస్ కెథీడ్రల్ ఉంది. 1137లో మొదలుపెట్టిన కట్టడం, ఎర్ర ఇసుకరాయి. ఓర్క్‌నీ అప్పట్లో నార్వే ఏలుబడిలో ఉండేది. 1468లో తన కూతురు మార్గరెట్‌ను స్కాట్లాండ్ రాజుకిస్తూ, కట్నం డబ్బు చేతిలో లేక, డెన్మార్క్-నార్వే రాజు ఈ దీవుల్ని తాకట్టు పెట్టాడు. డబ్బు కట్టలేదు, దీవులు తిరిగి రాలేదు. ఇది విని బావగారు "మన వాళ్లే నయం, ఎకరాలతో సరిపెట్టారు" అన్నారు. అరగంటలో చర్చి చూడడం అయిపోయింది.

మిగిలిన మధ్యాహ్నమంతా బస చేసిన ఇంటి ముందుగదిలో, టీ కెటిల్ పక్కన, కాగితం పెట్టుకుని కూర్చున్నాం. ఈ 2.7 ఎక్కణ్ణించి వచ్చిందో లెక్కగట్టి చూపించమన్నారు.

రెండు విమానాశ్రయాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 59 డిగ్రీల 21 నిమిషాల దగ్గర. తేడా అంతా రేఖాంశంలోనే. ఒకటి 2 డిగ్రీల 57 నిమిషాల పశ్చిమం, రెండోది 2 డిగ్రీల 54 నిమిషాలు.

"మూడు నిమిషాలు. మరి టైమ్‌టేబుల్లో రెండే వేశారే?"

"ఆ నిమిషాలు కావు బావగారూ. డిగ్రీలో అరవయ్యో వంతు."

భూమధ్యరేఖ దగ్గర రేఖాంశంలో ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ గీతలు దగ్గరవుతాయి. 59 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగమై 0.95 కిలోమీటరు అవుతుంది. మూడు నిమిషాలకు 2.85. అందరూ చెప్పే లెక్క కంటే 150 మీటర్లు ఎక్కువ. తప్పు భూమిది కాదు, నేను అంకెల్ని దగ్గరి నిమిషానికి సర్దేశాను. ఎడిన్‌బరా నుంచి కిర్క్‌వాల్‌కి ఇలా ఒక నిమిషం అటో ఇటో అయితే ఎవడికీ తెలియదు. ఇక్కడ ఒక నిమిషం పొరపాటంటే మొత్తం ప్రయాణంలో మూడో వంతు గల్లంతు.

పైగా విమానాశ్రయం అనేది పటంలో ఒక చుక్క. నేల మీద అది చుక్క కాదు, అర కిలోమీటరు అటూ ఇటూ ఉన్న రన్‌వేలు. చక్రాలు ఏ చివర లేస్తాయి, ఏ చివర ఆనతాయి అన్నదాన్ని బట్టి గాల్లో పోయే దూరం మారిపోతుంది. అంటే 2.7 అన్నది చుక్కకీ చుక్కకీ మధ్య దూరమే. విమానం పోయే దూరం వేరు.

ఇక టైము. మామూలుగా రెండు ఊళ్ల మధ్య విమాన సమయం అంచనా వేయడానికి ఒక గుండుగుత్త లెక్క ఉంది: దూరాన్ని జెట్ వేగంతో, అంటే గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట వేసుకోవడం. ఈ దారికి ఆ లెక్క కడితే అరగంటా పన్నెండు సెకన్లు వచ్చింది. బావగారు పకపకా నవ్వారు. "పన్నెండు సెకన్ల ప్రయాణానికి అరగంట షంటింగా!"

జెట్ వదిలేసి, నిజంగా ఈ దారిలో తిరిగే విమానం వేగం వేశాం. బ్రిటెన్-నార్మన్ ఐలాండర్. ఐల్ ఆఫ్ వైట్‌లో తయారైంది, 1965లో మొదటిసారి ఎగిరింది. రెండు పిస్టన్ ఇంజిన్లు, ఒక్కోటి 260 హార్స్‌పవర్. చక్రాలు లోపలికి ముడుచుకోవు, రెక్క తల మీద ఉంటుంది. గంటకు 260 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా పోతుంది. ఆ వేగంతో 2.7 కిలోమీటర్లకు 37 సెకన్లు. కానీ అది గాల్లోనే పుట్టి గాల్లోనే ఆగే విమానం సంగతి. నేల మీంచి లేవాలి, నేల మీదికి దిగాలి. మధ్యలో పూర్తి వేగం అందుకునే వ్యవధే ఉండదు.

అలా నాలుగు జవాబులు వచ్చాయి: అరగంట పైన, రెండు నిమిషాలు, 53 సెకన్లు, 37 సెకన్లు. దూరం మాత్రం ఒక్కటే.

"మా దగ్గర ఈ గొడవ లేదు" అన్నారు బావగారు. "చక్రం కదిలింది రాస్తాం, చక్రం ఆగింది రాస్తాం. మధ్యలో నువ్వు నూటపదిలో వచ్చావా, ఇరవైలో ఈడ్చుకొచ్చావా ఎవడికి కావాలి? లేటా, రైట్ టైమా, అంతే."

విమానాల వాళ్లదీ సరిగ్గా అదే పద్ధతి అని చెప్పాను. చక్రాల కింద అడ్డుచెక్కలు తీసి కదిలిన దగ్గర్నుంచి మళ్లీ చెక్కలు పెట్టేదాకా లెక్కేసే సమయాన్ని 'బ్లాక్ టైమ్' అంటారు. నేల వదిలిన దగ్గర్నుంచి నేల తాకేదాకా లెక్కేస్తే అది గాల్లో ఉన్న సమయం. పెద్ద విమానానికి ఈ రెంటికీ తేడా ఇరవై నిమిషాలుంటే ఎవరూ పట్టించుకోరు. రెండు నిమిషాల ప్రయాణానికి తేడానే ప్రయాణం కంటే పెద్దది.

"బ్లాకంటే మాకు అది కాదే" అన్నారాయన. రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండికే చోటున్న ముక్కని బ్లాక్ సెక్షన్ అంటారట. ముందున్న స్టేషన్ లైన్ క్లియర్ ఇస్తే గానీ వెనకాల స్టేషన్ బండిని వదలదు. "మరి ఇక్కడ లైన్ క్లియర్ ఎవరిస్తారు?" టవరేమీ ఉండదన్నాను. ఆయన ముఖం చూస్తే ఈ సమాధానం బొత్తిగా రుచించలేదని తెలిసింది.

మూడో రోజు: పడవ మీద వెస్ట్‌రే

మంచు పలచబడింది గానీ నమ్మకం లేదు. పడవెక్కేశాం. కిర్క్‌వాల్ నుంచి వెస్ట్‌రే దక్షిణపు కొసన రాప్‌నెస్ రేవుకి గంటా ఇరవై అయిదు నిమిషాలు. విమానమైతే పావుగంట. మంచులోంచి దీవులు ఒక్కొక్కటే నల్లగా పైకి తేలి మళ్లీ మునిగిపోతుంటే, నాకైతే పడవే బాగుందనిపించింది. బావగారు టైము రాసుకుని లోపలికెళ్లి నిద్రపోయారు.

వెస్ట్‌రేలో ఆరువందల మంది దాకా ఉంటారు. పియరోవాల్ అనే పల్లె సముద్రపు వంపు చుట్టూ వరసగా కట్టినట్టుంటుంది. ఆ ఊరికి దగ్గర్లోనే నోల్ట్‌లాండ్ కోట ఉంది. పదహారో శతాబ్దంలో గిల్బర్ట్ బాల్ఫర్ అనే ఆయన కట్టించుకున్నాడు. గోడల నిండా తుపాకీ గొట్టాలు పెట్టుకునే కన్నాలే, 71 ఉన్నాయి. ఎన్ని పాపాలు చేస్తే ఒక మనిషికి ఇన్ని కన్నాలు కావాల్సి వస్తాయో.

నేను చూడాలనుకున్నది మాత్రం అరచేతిలో పట్టేది. ఇక్కడి ఇసుక దిబ్బల్లో 2009లో తవ్వుతుంటే నాలుగు సెంటీమీటర్ల రాతిబొమ్మ దొరికింది. ఇంచుమించు అయిదు వేల ఏళ్ల నాటిది. కళ్లకు రెండు చుక్కలు, పైన కనుబొమ్మల గీత. స్కాట్లాండ్‌లో ఇప్పటిదాకా దొరికిన మనిషి రూపాల్లో అదే అతి పాతదంటారు. 'వెస్ట్‌రే వైఫ్' అని పిలుస్తారు. గాజుపెట్టెలో ఎంత చిన్నగా ఉందంటే, నా వెనకాల నిలబడ్డ బావగారు "ఏదీ, ఎక్కడా" అని రెండుసార్లు అడిగారు.

రాత్రి పదకొండింటికి కూడా వెలుతురుంది. రేపటి గాలి ఎటు వీస్తుందో చూశాను. తూర్పే. కాకపోతే మంచు ఉండదట.

నాలుగో రోజు: లెక్కించిన రోజు

వెస్ట్‌రే విమానాశ్రయం దీవి ఈశాన్యపు చివర, ఐకర్‌నెస్ దగ్గర. విమానాశ్రయం అనేది పెద్ద మాట. కంచె, గేటు, ఒక చిన్న గది, ఎర్రటి ఫైరింజను, గాలికి ఊగే గొట్టంలాంటి గుడ్డ, చుట్టూ గొర్రెలు. మంటలార్పే సిబ్బంది ఊళ్లోవాళ్లే. విమానం వచ్చే టైముకి తమ పని మానుకుని వచ్చి, ఫైరింజనులో కూర్చుని, అది పోయాక మళ్లీ పనికి పోతారు.

బరువు అడిగారు. బ్యాగు బరువు కాదు, మన బరువు. ఎనిమిది మంది ఎక్కే విమానంలో ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది బరువును చూసి పైలట్ తేలుస్తాడు. బావగారు ఇంట్లో అక్కకి చెప్పే అంకె కంటే నాలుగు కిలోలు ఎక్కువ చెప్పారు. ప్రాణాల మీద మాట వచ్చేసరికి నిజం చెప్పారు.

కిర్క్‌వాల్ వైపునుంచి ఈగ మోతతో మొదలై, చూస్తుండగానే ఐలాండర్ దిగింది. దిగిన చోటే ఆగిందన్నట్టుగా ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు, పోస్టు సంచులు దిగాయి. మేమిద్దరం కాక ఇంకో ఇద్దరు ఎక్కాలి. పైలట్ కాగితం చూసుకుని, బావగారి వైపు వేలు చూపించి, తన పక్క సీటు తట్టాడు.

ఐలాండర్‌లో రెండో పైలట్ ఉండడు. ఆ సీటు కూడా ప్రయాణికుడికే ఇస్తారు. నేను చదివి తెలుసుకున్న సంగతే గానీ, ఇది జరుగుతుందని ఊహించలేదు. బావగారు నా వైపు తిరిగి "నన్నా?" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు బండి చిట్టచివర బ్రేకువ్యానులో కూర్చుని, వెనక్కి పోయే పట్టాల్ని చూసిన మనిషి. ముందేముందో ఎప్పుడూ డ్రైవరుకే తెలుసు. మెల్లగా, ఏదో గుళ్లోకి పోతున్నట్టుగా, తల వంచుకుని ఆ సీట్లోకి ఎక్కారు.

నేను ఆయన వెనక కూర్చున్నాను. ఒక చేతిలో ఫోన్, అందులో గడియారం. ఇంజిన్లు అందుకున్నాయి. మనిషి మాట వినబడదు. విమానం కదిలింది, మొదటి నొక్కు. గడ్డి పక్కనుంచి కుదుపుకుంటూ రన్‌వే చివరికి పోయి, తిరిగి, గాలికి ఎదురు నిలబడింది.

ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. ఇవాళ గాలి తూర్పునుంచి. పాపా వెస్ట్‌రే ఉన్నదీ తూర్పునే. అంటే లేచిన ముక్కు తిప్పక్కర్లేదు, ఎటు పోవాలో అటే లేస్తాం, వచ్చిన దారినే దిగుతాం. గాలి పడమటినుంచి అయితే ముందు అటు లేచి, వెనక్కి మళ్లి, పాపా వెస్ట్‌రే దాటి, మళ్లీ తిరిగి రావాలి. అందుకే ఈ ప్రయాణంలో దూరం కంటే రన్‌వే దిక్కే టైముని ఎక్కువ తేలుస్తుంది. 'వెనక గాలి ఉంటే తొందరగా పోతాం' అన్న మామూలు తెలివి ఇక్కడ తలకిందులవుతుంది.

పరుగు. కుదుపులు. ఠక్కున కుదుపులు ఆగిపోయాయి. రెండో నొక్కు.

కింద గొర్రెలు, ఒక గోడ, తెల్లటి నురగ, తర్వాత నీళ్లు. చాలా దగ్గరగా, కొన్ని వందల అడుగులంతే. నీళ్లలో నల్లగా ఒక తల కనబడింది, సీలు కావచ్చు. అది సీలేనా అని రెండోసారి చూద్దామంటే అక్కడ ఒడ్డు వచ్చేసింది. ఇంజిన్ల మోత తగ్గింది. ముందు అద్దంలో, బావగారి భుజం మీదుగా, పచ్చటి పొలంలో ఒక గీత, దాని పక్కన ఇంకో ఎర్ర ఫైరింజను. చక్రాలు ఆనాయి. మూడో నొక్కు. గది ముందుకి పోయి ఆగాం. నాలుగో నొక్కు.

గాల్లో ఉన్నది ఒక నిమిషం 18 సెకన్లు. కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా మూడు నిమిషాల 50 సెకన్లు. టైమ్‌టేబుల్ రెండు నిమిషాలు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో పడింది.

కిందికి దిగాక బావగారిని అడిగాను, మీకెంత వచ్చింది అని. ఆయన జేబు తడుముకున్నారు. నోటుపుస్తకం జేబులోనే ఉంది, పెన్ను క్యాపు కూడా తీయలేదు.

"మర్చిపోయానయ్యా" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు అన్నారో నాకు తెలియదు.

విమానం మళ్లీ లేచి కిర్క్‌వాల్ వైపు పోయింది. నేరుగా లెక్కేస్తే 44 కిలోమీటర్లు ఉంటుంది. మోత సద్దుమణిగాక పాపా వెస్ట్‌రేలో మిగిలింది గాలి, పక్షులు.

అయిదో రోజు: పాపే

ఇక్కడి వాళ్లు దీన్ని పాపే అంటారు. నార్స్ భాషలో మతగురువుల దీవి అని అర్థం. ఆరేడు కిలోమీటర్ల పొడవు, వెడల్పు మైలో, కొంచెం ఎక్కువో. మనుషులు వంద లోపు. ఊరికున్న ఒక్క కొట్టూ, మేము దిగిన హాస్టలూ దీవి జనం సహకార సంఘంగా నడుపుకుంటున్నవే. కొట్లో సరుకులతో పాటు కబుర్లూ దొరుకుతాయి. మేము విమానంలో వచ్చామనీ, 'పెద్దాయన ముందు కూర్చున్నా'డనీ కొట్టు ఆవిడకి మేము చెప్పకుండానే తెలిసిపోయింది.

మాలాంటి వాళ్లు సరదాకి ఎక్కుతారు గానీ, ఆ విమానం నడిచేది మా కోసం కాదు. దీవికొచ్చే టీచర్లు, డాక్టర్లు, కిర్క్‌వాల్ ఆస్పత్రికి పోయే రోగులు, వాళ్లే దాని ప్రయాణికులు. ఓర్క్‌నీ కౌన్సిల్ డబ్బు పెట్టి నడిపిస్తుంది. పియరోవాల్ నుంచి పడవ కూడా ఉంది, పాతిక నిమిషాలు పడుతుంది. కానీ సముద్రం ఎప్పుడూ మాట వినదు కదా.

పడమటి ఒడ్డున న్యాప్ ఆఫ్ హోవర్ ఉంది. పక్కపక్కన రెండు రాతి ఇళ్లు, మధ్యలో వంగి దాటాల్సిన సందు. క్రీస్తు పూర్వం 3,700 ప్రాంతంలో కట్టుకున్న రైతు ఇల్లు. ఉత్తర ఐరోపాలో ఇంకా నిలబడి ఉన్న రాతి ఇళ్లలో దీనికంటే పాతవి చాలా అరుదు. లోపల రాతి అల్మరాలు, పొయ్యి, పిండి విసురుకున్న రాయి అన్నీ ఉన్నాయి, కప్పు లేదంతే. సముద్రం గుమ్మం దాకా వచ్చేసింది. కట్టినప్పుడు ఒడ్డు దూరంగా ఉండేదట. అప్పట్లో పాపేకీ వెస్ట్‌రేకీ మధ్య నడిచి పోయే నేల ఉండి ఉండొచ్చని కొందరు పురావస్తు పండితుల అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే, మా 78 సెకన్లు ఆ ఇంటాయనకి ఒక ముప్పావుగంట నడక.

బావగారు ఆ ఇంటి గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. పుస్తకం తీయలేదు.

మధ్యాహ్నం ఉత్తరపు కొసకి నడిచాం, నార్త్ హిల్ అంటారు. పక్షుల రక్షిత ప్రాంతం. ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్లు పెట్టుకునే చోటు. దగ్గరికి పోతే నెత్తి మీద పొడుస్తాయి. పొడవాటి కర్ర తలకంటే ఎత్తుగా పట్టుకుంటే మనిషిని వదిలి కర్ర కొసని పొడుస్తాయని ఒకాయన చెప్పాడు. బావగారు గొడుగు విప్పారు. అది ఇంకా మంచి ఉపాయం. చూడబోతే వంద గ్రాములుండే ఈ పిట్ట ఏటా ఇక్కణ్ణించి అంటార్కిటికా అంచుదాకా పోయి వస్తుంది. గ్రీన్‌లాండ్ పక్షుల కాళ్లకు చిన్న పరికరాలు కట్టి చూస్తే ఏడాదికి సగటున 70,000 కిలోమీటర్ల పైన తేలింది. అవీ తిన్నగా పోవు; గాలిని పట్టుకుని అట్లాంటిక్ మీద పెద్ద మెలిక తిరిగి వస్తాయి. గాలి పడమటిదైతే ఐలాండర్ చేసే పనే.

తూర్పు వైపు ఫౌల్ క్రెయిగ్ అనే కొండచరియ దగ్గర ఒక చిన్న రాతి గుర్తు ఉంది. గ్రేట్ ఆక్ అనే పక్షిది. మోకాలు దాటిన ఎత్తుండి, ఎగరలేని పక్షి. ఈ దీవిలో మిగిలిన చివరి దాన్ని 1813లో చంపేశారు. లండన్‌లో ఎవరో దాన్ని తన సేకరణలో పెట్టుకోవాలని అడిగించాడు. 1844లో ఐస్‌లాండ్ దగ్గర మిగిలిన జంట కూడా పోయింది, ఇక లేవు. గాలి బాగా చలిగా ఉంది. ఎక్కువసేపు నిలబడలేదు.

ఆరో రోజు: వెనక్కి

గాలి ఇంకా తూర్పే. పాపే నుంచి వెస్ట్‌రే మీదుగా కిర్క్‌వాల్ పోయే విమానం దొరికింది. నాకు లోలోపల ఇదే కావాల్సింది. అదే దూరం, అదే విమానం, అదే గాలి. దిక్కొక్కటే ఎదురు.

ముందు సీటు ఇవాళ ఒక స్కూలు టీచరుకి వచ్చింది. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. బావగారి చేతిలో పుస్తకం తెరిచి ఉంది, పెన్ను క్యాపు తీసి ఉంది, గడియారం మణికట్టు మీంచి అరచేతిలోకి వచ్చింది. డ్యూటీ ఎక్కేశారు.

తూర్పుకే లేచాం. అంటే వెస్ట్‌రేకి వీపు పెట్టి. పాపే దాటి, తూర్పున హోమ్ ఆఫ్ పాపే అనే చిట్టి దీవి రెక్క కింద కనబడిందో లేదో, విమానం ఒక పక్కకి ఒరిగి తిరిగింది. ఎగిరిన రన్‌వే మళ్లీ కింద కనబడింది. దాన్ని దాటి, నీళ్లు దాటి, వెస్ట్‌రే కూడా కాస్త దాటి, అక్కడ మళ్లీ తిరిగి, తూర్పు ముఖంగా దిగాం. రెండు మలుపులు అయ్యాయి. తిన్నగా ఉన్న దారి అంతా వెరసి సగానికి మించి లేదు.

బావగారు చక్రం ఆగేదాకా మాట్లాడలేదు. ఆగాక పుస్తకం నా వైపు తిప్పారు. నేల వదిలింది, నేల తాకింది: రెండు నిమిషాల 41 సెకన్లు. మొన్నటికి రెట్టింపు పైనే.

"దూరం పెరగలేదే" అన్నారు, ఏదో దొంగతనం పట్టుకున్నట్టు.

మధ్యాహ్నానికి కిర్క్‌వాల్ చేరాం. ప్రపంచంలో అతి చిన్న విమాన ప్రయాణం చేసినవాళ్లకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. కౌంటరు దగ్గర చెరొకటి తీసుకున్నాం. బావగారు దాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకోబోయి, పాత పేజీ దగ్గర ఆగారు. వెస్ట్‌రే నుంచి పాపా వెస్ట్‌రే. తేదీ ఉంది. తర్వాత గళ్లన్నీ ఖాళీ.

"నా దగ్గరుందిగా బావగారూ. ఒక నిమిషం 18 సెకన్లు. వేసుకోండి."

"నేను చూడలేదుగా" అన్నారు. "గార్డు చూడని టైము వెయ్యకూడదు."

బయల్దేరిన టైము గడిలో ఒక గీత కొట్టారు, చేరిన టైము గడిలో ఇంకో గీత. ఆఖరి గడి రిమార్కులది. ఇంజిన్ లేటు, సిగ్నలు లేదు, గేదె అడ్డం లాంటివి రాసే చోటు. కొంచెం ఆలోచించి, చక్కటి గుండ్రటి అక్షరాల్లో 'ముందు సీటు' అని రాసి పుస్తకం మూశారు.